ఉత్తరవాది యెవరు?

యోహాను వ్రాసిన మొదటి పత్రికలో మన ప్రభువునకు 'ఉత్తరవాది' యను పేరు చెప్పబడియున్నది. ఉత్తరవాది యనగా, తన పక్షమున తాను మాటలాడుకొనజాలని వాని ప్రక్కను నిలిచి, వానికొఱకు ఉత్తరము చెప్పువాడు. మన భాషలో ఉత్తరమనగా అడిగినదానికి చెప్పు బదులు. తపాలాలో వేయు జాబునకును ఉత్తరమనియే పేరు. ఒకటి ఎదుట నిలిచి చెప్పవలసినది. రెండవది దూరమునుండి పంపవలసినది. వినికిడి లేక, చూపు లేక, కాలుసేతులు స్వాధీనములో లేక, లేదా బుద్ధి నెమ్మదిగా వికసించుటచేత, చదువునందు ప్రత్యేకమైన తోడ్పాటు కావలసిన బిడ్డలు మన గ్రామములలో గలరు. వారి తలిదండ్రులకు ఈ రెండు విధములైన ఉత్తరవాదిత్వమును కావలెననియు, అట్లు నిలుచుట పాఠశాలకు విధియే గాని దయాధర్మము కాదనియు, ఈ పత్రిక చదువు విద్యార్థులకును, తలిదండ్రులకును, మిషను సిబ్బందికిని మనవి చేయదలచితిమి.

ఈ అవసరము అన్ని చోట్లను ఉన్నను మన సీమలో మఱింత హెచ్చు. గుమ్మఘట్ట మండలము కర్ణాటక సరిహద్దున నున్నది. 1953వ సంవత్సరములో ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు రాయదుర్గము తాలూకా బళ్లారి జిల్లాలోనిది. కావున నేటికిని అనేక గృహములలో తల్లి కన్నడమున జోల పాడును, బిడ్డ తెలుగున అక్షరములు దిద్దును, కచేరీలోని కాగితము ఈ రెంటికిని చెందని యొక కఠినభాషలో నుండును. వేదవతికి భైరవానితిప్పయొద్ద ఆనకట్ట గలదు గాని, అది నిండిన యేండ్లకంటె నిండని యేండ్లే పెద్దలకు ఎక్కువగా జ్ఞాపకమున్నవి. జిల్లాలో ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. వేరుసెనగ యెండిన యేట కుటుంబములు మూటలు గట్టుకొని బెంగుళూరునకు కూలికి పోవును. అట్టి యింటిలో ఒక బిడ్డకు వినబడుట లేదనియో, నడువలేదనియో తెలిసినయెడల, తల్లి ఎచటికి పోవలెను? ఎవరి నడుగవలెను? ఒక దినపు ప్రయాణమనగా ఒక దినపు కూలి. 2025 ఆగస్టు 15వ తేదీనుండి పల్లెవెలుగు బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేకపోయెను, అది మేలే. అయినను పోయిన కూలిని ఏ బస్సును తిరిగి తెచ్చి యీయజాలదు.

ఇతరుల లోపములు చెప్పుటకు ముందు మా లోపము చెప్పుకొనుట న్యాయము. 2017వ సంవత్సరము జూన్ మాసమున మేము వేఱొక గ్రామములోని ప్రాథమిక పాఠశాలలో మూడవ తరగతికి బోధించుచుంటిమి. ఆ తరగతిలో తొమ్మిదేండ్ల బాలిక యొకతె వెనుక వరుసను కూర్చుండెడిది. నల్లబల్లమీద వ్రాసినదానిని ముత్యములవలె వ్రాసికొనెడిది; ఉక్తలేఖనము చెప్పినప్పుడు మాత్రము పలకను ఖాళీగా నుంచెడిది. పేరు పిలిచిన పలుకదు. మొండిపిల్ల యని తలచి రెండు పర్యాయములు నిలువబెట్టితిమి కూడ. వినికిడి లోపమును గుర్తించుటను గూర్చి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఒక పాఠము చదివి, పరీక్షలో దానిమీద చక్కని జవాబు వ్రాసి, మార్కులు పొందినవారమే మేము. ఒకనాటి మధ్యాహ్న భోజనవేళ ఆమె వెనుక పళ్లెముల దొంతర యొకటి పెద్ద ధ్వనితో క్రిందపడెను. తరగతి యంతయు వెనుదిరిగి చూచెను. ఆమె యొక్కతె అన్నము కలుపుకొనుచుండెను. అప్పుడు గాని మాకు తెలియలేదు.

తెలిసిన పిమ్మట మేము చేసినదేమి? ఒక చీటీమీద 'వినికిడి పరీక్ష చేయింపుడు' అని వ్రాసి, తల్లిని పిలిపించి, పట్టణములోని వైద్యశాలకు పొమ్మని చెప్పితిమి. చెప్పి, మా పని అయినదని తలచితిమి. ఆ తల్లి మూడు మారులు పోయెను. మొదటిమారు, అది పరీక్ష చేయు దినము కాదనిరి. రెండవమారు, ఒక కార్డులోని పేరును మఱియొక కార్డులోని పేరును ఒకటిగా లేవనిరి. మూడవమారు, బిడ్డకు ఎప్పటినుండి వినబడదు, పుట్టినప్పుడు ఏడ్చెనా, జ్వరము వచ్చెనా యని తెలుగున గబగబ నడిగిరి. కన్నడమే యింటిభాషయైన ఆ తల్లి తడబడి యూరకుండెను. మఱల రమ్మనిరి. ఆమె మఱల పోలేదు. ఆరు మాసములైన పిమ్మట మేము తీఱికగా, ఏమైనదమ్మా యని యడిగినప్పుడు ఆమె కోపపడలేదు. "చీటీ ఇస్తిరి సారూ, ఆ చీటీ మాట్లాడల్యా" అని మాత్రము చెప్పెను. మఱుసటి యేట ఆ కుటుంబము బెంగుళూరు చేరెను. ఆ బాలిక చదువు మూడవ తరగతితో ఆగినది.

చీటీ మాటలాడదు. ఈ యొక్క సంగతి నేర్చుకొనుటకు మాకు ఒక బాలిక చదువు వెలగా పోయినది.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. ఏలయనగా తనకు హక్కు గలదని యెఱుగని తల్లి యాచించును, ఎఱిగిన తల్లి అడుగును. 1995వ సంవత్సరపు చట్టము ఏడు విధములైన వైకల్యములను మాత్రమే లెక్కించెను. దాని స్థానమున వచ్చిన 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము, 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులోనికి వచ్చి, 21 విధములను గుర్తించుచున్నది. ఆటిజమును, మెదడు పక్షవాతమును, చదువుటయందును వ్రాయుటయందును లెక్కించుటయందును మాత్రమే కలుగు అభ్యసన లోపములును అందులో చేరినవి. నూటికి 40 వంతులకు తక్కువ కాని వైకల్యమున్నట్లు నిర్ణయింపబడిన బిడ్డకు, 6 మొదలు 18 ఏండ్లవఱకు, దగ్గఱి పాఠశాలలో గాని తాను కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితముగా చదువుకొను హక్కు గలదు. పరీక్షలలో అదనపు సమయము, బదులుగా వ్రాయు లేఖకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు మొదలగు సౌకర్యములను కల్పింపవలెనని ఆ చట్టము ప్రభుత్వములను ఆదేశించుచున్నది. వంతు 40కి తగ్గినంతమాత్రమున బిడ్డను పాఠశాల త్రోసిపుచ్చరాదు. భేదము చూపక చేర్చుకొని, ఆ బిడ్డ అవసరమునకు తగిన సదుపాయము చేయుట ప్రతి గుర్తింపు పొందిన పాఠశాలకును విధి. ధ్రువపత్రమునందలి నిర్ణయము సరికాదని తోచినయెడల అప్పీలు చేసికొనుటకును మార్గము గలదు.

మఱియొక సంగతి తలిదండ్రులు ముఖ్యముగా నెఱుగవలెను. విద్యాహక్కు చట్టమునకు 2012లో చేయబడిన సవరణ ప్రకారము, తీవ్రమైన లేదా బహువిధమైన వైకల్యముగల బిడ్డకు ఇంటివద్దనే విద్య పొందు అవకాశము గలదు. ఇది బిడ్డకును కుటుంబమునకును ఈయబడిన యెన్నిక. 'నీ బిడ్డను ఇంటివద్దనే యుంచుకొనుము' అని పాఠశాల చెప్పుటకు ఈయబడిన అధికారము కాదు. ఈ భేదము చెప్పువారు లేక ఎందఱు బిడ్డలు గుమ్మము దాటక పెరుగుచున్నారో దేవునికే యెఱుక.

మన పల్లెలలో వైకల్య ధ్రువపత్రము అనగానే పింఛను జ్ఞాపకము వచ్చును. 2024 జూలై మాసమునుండి మన రాష్ట్రములో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైనది. కరవుసీమలోని కుటుంబమునకు అది గొప్ప ఆదరువు. దానిని తక్కువచేసి మాటలాడుట మా యుద్దేశము కాదు. అయితే ఆ కాగితమే బడితలుపునుగూడ తెఱచునని చెప్పువారు అరుదు. పింఛనుకొఱకు పత్రమును తెచ్చి పెట్టెలో దాచిన యింటిలోనే ఆ బిడ్డ బడి మొగము చూడక యుండుట మేము కన్నులార చూచితిమి. పత్రము తెచ్చినది తండ్రి. పత్రములో నేమున్నదో చదివి చెప్పవలసినది మనము.

కాబట్టి ఉత్తరవాది చేయవలసిన పనిలో మొదటిది వెంట పోవుట. వెంట పోవువాడు న్యాయవాది కానక్కఱలేదు, వైద్యుడు కానక్కఱలేదు. బయలుదేరుటకు ముందుదినము ఆ తల్లి యింటి అరుగుమీద కూర్చుండి, బిడ్డ యెప్పుడు నడిచెను, ఎప్పుడు పలికెను, దేనికి వెఱచును, దేనిని చక్కగా చేయును అని విని ఒక పుటలో వ్రాసికొనవలెను. కార్డులన్నిటియందును పేరు ఒకే తీరున నున్నదో లేదో సరిచూడవలెను. పరీక్ష యే వారమున చేయుదురో ముందుగా తెలిసికొనవలెను. అక్కడికి పోయిన తరువాత తల్లికి ముందు గాక ప్రక్కను కూర్చుండవలెను. అధికారి మనలను చూచి అడిగినను, 'అమ్మనే యడుగుడు, ఆమెకు తెలియును' అని చెప్పవలెను. ఆమె తడబడిన చోట అందించవలెను. ఆమె చెప్పగలిగిన చోట ఊరకుండవలెను. ఏమి నిర్ణయించిరి, మఱల ఎప్పుడు రావలెను, ఎవరిని కలియవలెను అను మూడు మాటలు వ్రాయించుకొని గాని లేవరాదు.

మోషే నోటిమాంద్యము గలవాడనని చెప్పుకొన్నప్పుడు దేవుడు అహరోనును తోడిచ్చెను. అయినను అహరోను మోషే స్థానమును తీసికొనలేదు, పంపబడినవాడు మోషేయే. ఉత్తరవాదికి ఇదియే హద్దు. తల్లి నోరు మూయించి ఆమె పక్షమున అనర్గళముగా మాటలాడువాడు ఆమెకు రెండవ యజమానుడగును గాని తోడు కానేరడు.

రెండవ పని దూరమునుండి చేయవలసినది. దూరమునుండి చేయు సహాయము తక్కువదని కొందఱి యభిప్రాయము. ఇందుకు మన విద్యార్థులకు పరిచయమైన హెలెన్ కెల్లరు చరిత్రను జ్ఞాపకము చేయుచున్నాము. 1880లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున పుట్టి, పందొమ్మిది మాసముల ప్రాయమున జబ్బుచేసి చూపును వినికిడిని కోల్పోయిన ఆ బాలికను, 1886లో తండ్రి బాల్టిమోరు పట్టణములోని యొక కంటివైద్యునియొద్దకు తీసికొనిపోయెను. చూపు రాదని ఆ వైద్యుడు చెప్పెను. చెప్పి ఊరకుండక, వాషింగ్టనులోనున్న అలెగ్జాండరు గ్రాహాం బెల్లును చూడుమనెను. టెలిఫోను కనిపెట్టిన బెల్లు ఆయనయే. ఆయన తల్లియు భార్యయు వినికిడి లేనివారు. బెల్లు ఆ బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, బోస్టనులోని పెర్కిన్సు అంధుల పాఠశాలకు జాబు వ్రాయుమని తండ్రికి సలహా యిచ్చెను. ఆ జాబునకు బదులుగా 1887 మార్చి 3వ తేదీని ఆన్ సలివన్ అను ఉపాధ్యాయిని వారి యింటికి వచ్చెను. తరువాతి కథ లోకమెఱిగినదే. ఇందులో రెండు ప్రయాణములును ఒక యుత్తరమును గలవు. ప్రయాణము లేనిదే ఆ యుత్తరమును ఎవరికి వ్రాయవలెనో తెలియదు. ఉత్తరము లేనిదే ఆ ప్రయాణములు వ్యర్థములు. అయితే హెలెన్ తండ్రి పత్రికాసంపాదకుడు, జాబు వ్రాయనేర్చినవాడు. మన గ్రామములోని తల్లి జాబు వ్రాయనేరదు. భేదమంతయు ఇక్కడనే యున్నది. ఆమెకొఱకు ఆ జాబు వ్రాయవలసినవారు ఎవరు?

నేడు జాబుతోపాటు చేతిలో టెలిఫోనుకూడ నున్నది. బెంగుళూరులో ఇటుకలు మోయు తండ్రితో రాత్రి యేడు గంటలకు మాటలాడవచ్చును. పత్రముల ఛాయాచిత్రములు తెప్పించుకొని తప్పులు సరిచూడవచ్చును. వైద్యశాలకు పోవుటకు ముందు, నేడు పరీక్ష గలదా యని విచారించి ఒక కూలిదినమును కాపాడవచ్చును. ఆపదలోనున్న బిడ్డ విషయమున 1098 అను సంఖ్యకు ఛార్జీ లేక పిలువవచ్చును. అధికారికి వ్రాసిన మనవికి తేదీ వేసి, ముట్టినట్లు సంతకము పుచ్చుకొని, నకలు దాచినయెడల, అది మాట మఱచినవారికి జ్ఞాపకము చేయు సాక్షి యగును. జవాబు రానిచో రాష్ట్రములో దివ్యాంగుల కమిషనరునకు వ్రాసికొనుటకు చట్టమే త్రోవ చూపియున్నది. ఇవన్నియు కూర్చున్న చోటనుండి చేయదగిన పనులు.

అయినను దూరపు మాటకు హద్దులున్నవి. 2020 మార్చిలో పాఠశాలలు మూతపడినప్పుడు టెలిఫోనులోనే పాఠములు చెప్పితిమి. ఆ పాఠములు వినికిడి లేని బిడ్డకు ఏమి యుపయోగము? ఇంటిలోనున్న ఒక్క టెలిఫోనును తండ్రి పనికి తీసికొనిపోయినయెడల తల్లికి ఏమి యుపయోగము? మొగము చూడని మనుష్యునితో తన బిడ్డ లోపమును చెప్పుకొనుటకు ఏ తల్లి నోరాడును? కావున మా యనుభవమున తేలిన క్రమము ఇది: మొదట గడపకు పోవలెను, పిమ్మట టెలిఫోను చేయవలెను. ఒకమారు ఇంట మజ్జిగ త్రాగివచ్చిన వాని గొంతును ఆ యిల్లు టెలిఫోనులోను గుర్తుపట్టును.

ఈ క్రమమును మేము మఱియొక బిడ్డ విషయమున పరీక్షించితిమి. గొఱ్ఱెల కాపరి కుమారుడొకడు; నోటిలెక్కలలో తరగతి కంతటికిని మొదటివాడు; పుస్తకము తెఱచిన అక్షరములు కలిసిపోవుచున్నవని కన్నీరు పెట్టుకొనును. ఈమారు చీటీ వ్రాయలేదు. తండ్రితోకూడ మేమే రెండు మారులు పోతిమి. మిగిలిన విచారణలన్నియు టెలిఫోనుమీదను, జాబులమీదను నడిపితిమి. పదవ తరగతి పరీక్షకు లేఖకునికొఱకును అదనపు సమయముకొఱకును వేసిన దరఖాస్తు విషయమై చివరకు ఒక అధికారిని చూడవలసివచ్చెను. ఆనాడు మాకు తరగతులుండుటచే పోలేకపోతిమి. తండ్రి యొక్కడే పోయెను. ఏమి చెప్పితివని సాయంకాలము టెలిఫోనులో అడుగగా, "మావాడు చూసి చదవల్యాడు గానీ, వాని తలకాయలో చదువుండాది, అడిగి చూడండి అంటిని సారూ" అనెను. ఆ బాలుడు లేఖకుని సాయమున పరీక్ష వ్రాసెను. ఒక విషయమున తప్పి, దానిని మఱల వ్రాసి ఉత్తీర్ణుడయ్యెను. మాకు మాత్రము ఆ యుత్తీర్ణతకంటె ఆ తండ్రి మాటయే ఎక్కువ సంతోషమును కలిగించెను. మేము లేని చోట ఆయనయే తన బిడ్డకు ఉత్తరవాది యయ్యెను గదా.

ఇందుకు కొందఱు ఆక్షేపణలు చెప్పుదురు. ఉపాధ్యాయునికి తీఱిక లేదనునది మొదటిది. నిజమే, తీఱిక లేదు. అయితే ఈ పనియంతయు ఒక్క ఉపాధ్యాయునిమీద పడవలెనని మేము చెప్పుట లేదు. మండలములలో భవిత కేంద్రములున్నవి. సహిత విద్యకై నియమింపబడిన ప్రత్యేకోపాధ్యాయులున్నారు. 2013లో మొదలైన బాలల ఆరోగ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు పాఠశాలలకును అంగన్‌వాడీలకును వచ్చి బిడ్డలను పరీక్షింపవలసియున్నది. అనంతపురము సీమలో 1969నుండి పనిచేయుచున్న గ్రామీణాభివృద్ధి సంస్థ, అనగా విన్సెంట్ ఫెర్రరు గారు స్థాపించిన ఆర్డీటీ, పల్లెలలో దివ్యాంగుల సంఘములను ఏర్పఱచినది. తలుపులు లేకపోలేదు, ఏ తలుపు ఎక్కడనున్నదో తల్లికి చూపువాడే కొఱవడియున్నాడు. ప్రాథమిక పాఠశాలలో అట్టి పదిమంది బిడ్డలకు ఒక ప్రత్యేకోపాధ్యాయుడును, పై తరగతులలో పదునేనుగురికి ఒకడును ఉండవలెనని 2021 అక్టోబరు 28వ తేదీని సుప్రీముకోర్టు చెప్పినది. అది పూర్తిగా నెఱవేరువఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండదగునా?

అధికారులు కోపింతురనునది రెండవ ఆక్షేపణ. మా అనుభవమున కోపించినవారు కొలదిమంది. చట్టమెఱిగి, కాగితములు సరిగా నుంచుకొని, మర్యాదగా నడిగినవారికి పని చేసిపెట్టువారే ఎక్కువ. మూడవది, ప్రత్యేక పాఠశాలలుండగా మన పాఠశాలలో ఏల యనునది. వినికిడి లేని బిడ్డకు సైగభాష తెలిసిన గురువులును తోడి బిడ్డలును ఉన్న చోటు మేలు కావచ్చును. మఱియొక బిడ్డకు తన యూరి బడియే మేలు కావచ్చును. ఎన్నుకొనవలసినది కుటుంబము. రెండు త్రోవలను ఉన్నవియున్నట్లు చెప్పుటయే మన పని. మన యిష్టమును వారి నెత్తిన రుద్దుట కాదు. మన దేశమున వినికిడి లేనివారికి మొదటి పాఠశాల 1885లో బొంబాయిలో ఒక బిషప్పు గారిచేతను, చూపు లేనివారికి మొదటి పాఠశాల 1887లో అమృతసరస్సులో కుమారి షార్పు అను మిషనరీచేతను స్థాపింపబడినవి. ఆ వంశమునకు చెందిన మిషను పాఠశాలలు 'ఇది మా పని కాదు' అనుట శోభింపదు.

ఇతర దేశముల రీతినిగూడ చూడుడు. అమెరికాలో 1975వ సంవత్సరపు చట్టము మొదలుకొని, ప్రత్యేకావసరముగల ప్రతి బిడ్డకును చదువు ఎట్లు సాగవలెనో ఏటేట సభ కూడి వ్రాయుదురు. ఆ సభలో తలిదండ్రులకు పీట యుండును; బిడ్డను ఎఱిగిన మఱియొకరిని వెంటబెట్టుకొని వచ్చు హక్కును ఉండును. అక్కడ స్థిరపడిన మన తెలుగువారును ఆ పీటమీద కూర్చుండుచున్నారు. మన దేశములోను తలిదండ్రులు కూడుకొనినారు. బుద్ధిమాంద్యముగల బిడ్డల తలిదండ్రుల సంఘములు కలిసి 1995లో 'పరివార్' అను సమాఖ్యను స్థాపించినవి. గుమ్మఘట్టలోని తల్లికి మాత్రము ఇంకను పీట వేయలేదు. దానికి చట్టము మార్చనక్కఱలేదు. హెడ్మాస్టరు గారి గదిలో మఱియొక కుర్చీ వేసిన చాలును.

అందుచే మన పాఠశాలకు నాలుగు సూచనలు చేయుచున్నాము. ఒకటి: ప్రతి తరగతి ఉపాధ్యాయుడును జూన్ మాసముననే బిడ్డలందఱి చూపును, వినికిడిని, చదువు తీరును గమనించి, సందేహము కలిగిన వారిని ఒక పుస్తకమున వ్రాయవలెను, ఆ పుస్తకమును తాళము వేసి యుంచవలెను గాని తరగతిలో చదువరాదు. రెండు: నెలకొక శనివారము ఇద్దఱు ఉపాధ్యాయులు ఆ యిండ్లకు పోవలెను, అవసరమైనచో వైద్యశాలకును కచేరీకిని వెంట పోవలెను. మూడు: వారమునకు రెండు రాత్రులు ఏడు మొదలు ఎనిమిది గంటలవఱకు, వలసపోయిన తలిదండ్రులకొఱకు పాఠశాల టెలిఫోనువద్ద కన్నడమును తెలుగును వచ్చినవారొకరు కూర్చుండవలెను. నాలుగు: కోతపండుగ కానుకలలో కొంతభాగమును ప్రత్యేకించి, బిడ్డకొఱకు ప్రయాణము చేసిన తల్లికి ఆ దినపు కూలిని ఇయ్యవలెను. మన పొలములు పండిన యేట ఇది సులభము. పండని యేట ఇది మఱింత అవసరము.

విద్యార్థులారా, మీకును ఒక మాట. వెనుక వరుసలో పలుకని బిడ్డను మీరు మాకంటె ముందు కనిపెట్టుదురు. కుంటివాడు, మూగది, మొద్దు అను పేర్లు మీ నోటినుండియే మొదట పుట్టును. మీరు మానినయెడల అవి అక్కడనే చచ్చును. మీరు వచ్చి మాతో రహస్యముగా చెప్పుడు. తలిదండ్రులారా, దాచకుడు. ఇది పూర్వజన్మపాపమును కాదు, శాపమును కాదు. పుట్టుగ్రుడ్డివానిని చూచి ఎవడు పాపము చేసెనని శిష్యులడిగినప్పుడు, వీడును గాని వీని తలిదండ్రులు గాని చేసిన పాపము కాదని మన ప్రభువు సెలవిచ్చియున్నాడు.

బేతెస్ద కోనేటియొద్ద పడియున్న, ముప్పదియెనిమిదేండ్లనుండి వ్యాధిగల రోగి, కోనేటిలో నీరు లేదని మొఱపెట్టలేదు. తనను దింపు మనుష్యుడు లేడని మొఱపెట్టెను. మన సీమలో నీటికి కరవున్నది; మనుష్యులకు కరవుండనక్కఱలేదు.

పైని చెప్పిన బాలికకు ఈ సంవత్సరము పదునెనిమిదేండ్లు నిండినవి. ఉచితవిద్యకు చట్టము పెట్టిన గడువు ఆమె విషయమున తీఱిపోయినది. బంధువులవలన ఆ తల్లి టెలిఫోను సంఖ్యను సంపాదించి, గత సంక్రాంతినాడు మాటలాడితిమి. మా తప్పును ఒప్పుకొంటిమి. బాలిక కుట్టుపని నేర్చుకొనుచున్నదట. సైగభాషయు, పెద్దవారి చదువును నేర్పు చోటుకొఱకు ఇద్దఱికి జాబులు వ్రాసితిమి, ఒకరు బదులిచ్చిరి. వచ్చు వేసవిసెలవులలో బెంగుళూరునకు పోయి, ఆ తల్లి ప్రక్కను కూర్చుండవలెనని నిశ్చయించుకొంటిమి. తొమ్మిదేండ్లు ఆలస్యముగా పోవు ఈ ప్రయాణము ఇంకెవ్వరికిని అవసరము కాకుండునట్లు దేవుడు మన పాఠశాలకు తోడ్పడును గాక.